లాంగ్ వీకెండ్‌కి ఇంగ్లండ్ పల్లె: ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే పద్ధతి

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఇంగ్లండ్‌లోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మే బ్యాంక్ హాలిడేకి (అంటే ఇక్కడి ప్రభుత్వ సెలవుకి) ఎక్కడికి వెళ్తున్నారు?" జవాబులూ దాదాపు అవే. లేక్ డిస్ట్రిక్ట్, కాట్స్‌వోల్డ్స్, కార్న్‌వాల్. ఎవరో ఒక ఫోటో పెడతారు, నలుగురు బాగుందంటారు, ఆ రాత్రే బుకింగ్ అయిపోతుంది. తిరిగొచ్చాక మాత్రం ఎక్కువమంది చెప్పేది ట్రాఫిక్ గురించీ, పార్కింగ్ దొరకని సంగతీ, దారిలో పిల్లలు పడ్డ అవస్థా.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చారు. మే చివరి బ్యాంక్ హాలిడేకి వాళ్లను తీసుకుని లండన్ దగ్గర నుంచి లేక్ డిస్ట్రిక్ట్ బయల్దేరాం. అయిదున్నర గంటల దారి ఆ శుక్రవారం తొమ్మిది గంటలు పట్టింది. రెండు రోజుల్లో ఎనిమిది చోట్లు చూడాలని రాసుకున్న కాగితం జేబులో ఉంది. నాలుగో చోటికి వచ్చేసరికి అమ్మ, "మీరు చూసి రండి, నేను కారులోనే ఉంటాను" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత నుంచి చోటు ఎంచుకునే వరుసనే మార్చుకున్నాను. ఊరి పేరు చివర్లో వస్తుంది. ముందు గంటలు, తర్వాత మనుషులు, ఆ తర్వాతే మ్యాపు.

1. ముందు గంటలు లెక్కపెట్టండి

ఇంగ్లండ్‌లో ఏడాదికి 8 బ్యాంక్ హాలిడేలు. వీటిలో ఊరెళ్లడానికి పనికొచ్చేవి నాలుగు సందర్భాలు: ఈస్టర్, మే మొదటి సోమవారం, మే చివరి సోమవారం, ఆగస్టు చివరి సోమవారం. ఈస్టర్‌కి గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మండే కలిసి నాలుగు రోజులు వస్తాయి. మిగిలినవి మూడేసి రోజులు. క్రిస్మస్ సెలవులను ఈ లెక్కలో కలపకండి. డిసెంబరు 25న రైళ్లు నడవవు, 26న నడిచేవీ చాలా తక్కువ, పైగా సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది.

మూడు రోజులంటే నిజంగా చేతికి వచ్చేది ఎంత? శుక్రవారం రాత్రి చేరితే శనివారం, ఆదివారం, సోమవారం మధ్యాహ్నం వరకు. శనివారం పొద్దున బయల్దేరితే అందులోనూ సగం రోజు పోతుంది. అందుకే నాకు నేను ఒక హద్దు పెట్టుకున్నాను: మూడు రోజుల సెలవుకి ఒకవైపు ప్రయాణం మూడు గంటలు దాటకూడదు. ఈస్టర్‌కి అయిదు గంటల వరకు పర్వాలేదు. ఈ గంటలు ఇంటి తలుపు నుంచి బస తలుపు దాకా లెక్క. శుక్రవారం సాయంత్రం కారులో వెళ్తుంటే మ్యాప్ చూపించే సమయానికి కనీసం మూడో వంతు కలుపుకోండి. ఎమ్6 మీదుగా లేక్ డిస్ట్రిక్ట్‌కి, ఎ303 మీదుగా నైరుతికి వెళ్లేవాళ్లకు ఆ మూడో వంతు కూడా సరిపోకపోవచ్చు.

ఈ ఒక్క లెక్కతోనే లండన్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు మూడు రోజుల జాబితాలోంచి కార్న్‌వాల్ పోతుంది. మనసు చివుక్కుమంటుంది, తెలుసు. దాన్ని వారం రోజుల సెలవుకి దాచుకోండి, అక్కడి సముద్రానికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి.

ఇంకొక మాట. మీ చేతిలో రెండు రోజుల లీవు ఉంటే బ్యాంక్ హాలిడేని వదిలేసి ఆ తర్వాతి వారమో పై వారమో శుక్ర, సోమవారాలు లీవు పెట్టుకోండి. అదే ఊరు, అదే పచ్చదనం, మనుషులు మాత్రం తక్కువ, అద్దెలూ తక్కువ. మే చివరి బ్యాంక్ హాలిడేతో బడులకు హాఫ్ టర్మ్ సెలవులు కూడా కలుస్తాయి కాబట్టి ఆ వారమంతా రద్దీయే. బడికి వెళ్లే పిల్లలు లేనివాళ్లు ఆ వారాన్ని తప్పించుకోవడమే మంచిది.

2. ఎవరెవరు వస్తున్నారో ఒక కాగితం మీద రాయండి

ఇది తేలిగ్గా తీసేయాల్సిన పని కాదు. నా అనుభవంలో ట్రిప్ బాగుందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. మీ గుంపులో అందరికంటే తక్కువ నడవగలిగేవారు ఎవరు? వాళ్లను బట్టి చోటు ఎంచుకోండి. ఎక్కువ నడవగలిగేవాళ్లు ఎక్కడైనా ఒక కొండ వెతుక్కుంటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు మాత్రం ఆ ఊళ్లోనే చదునైన దారి ఉండాలి, కూర్చోవడానికి బెంచీ ఉండాలి, దగ్గర్లో టాయిలెట్ ఉండాలి.

ఇంగ్లండ్ పల్లెల్లో నడిచే దారులు చాలాచోట్ల పొలాల మధ్య నుంచే పోతాయి. గొర్రెలు దాటిపోకుండా కంచెల దగ్గర, రాతి గోడల దగ్గర 'స్టైల్' అని చెక్క మెట్లో రాతి మెట్లో పెడతారు. కాలెత్తి అటువైపు దిగాలి. చీర కట్టుకున్న పెద్దవాళ్లకు అది నిజంగా కష్టం, పుష్‌చైర్‌తో (పిల్లల్ని తోసుకెళ్లే బండితో) అయితే అసలు కుదరదు. అందుకని దారి ఎంచుకునేటప్పుడు పొడవు ఒక్కటే చూడకండి, స్టైల్స్ ఉన్నాయా, ఎక్కుడు ఎంత అన్నది చూడండి. లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ వాళ్లు ఈ పని మనకోసం చేసి పెట్టారు. 'మైల్స్ వితౌట్ స్టైల్స్' అనే పేరుతో వీల్‌చైర్లు, పుష్‌చైర్లు వెళ్లగలిగే దారుల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. కోనిస్టన్ దగ్గర టార్న్ హౌస్ అనే చిన్న చెరువు చుట్టూ ఉన్న దారి అలాంటిదే, రెండు మైళ్ల లోపు. పీక్ డిస్ట్రిక్ట్‌లో అయితే మాన్సల్ ట్రైల్. పాత రైలు మార్గాన్ని నడిచే దారిగా మార్చారు. ఎనిమిదిన్నర మైళ్లు, దాదాపు చదును, మధ్యలో దీపాలు పెట్టిన సొరంగాలు. తాతయ్య మెల్లగా నడుస్తుంటే మనవడు పక్కనే సైకిల్ తొక్కుకుంటూ వెళ్లొచ్చు. మూడు తరాలు కలిసి వెళ్లే కుటుంబానికి నేను మొదట చెప్పేది ఈ దారే.

పిల్లలున్నవాళ్లు ఇంకొకటి గమనించండి. ఆరేళ్ల పిల్లకు కొండ మీది వ్యూ పెద్దగా పట్టదు. నీళ్లు, రాళ్లు, జంతువులు, పడవ, పాత రైలు, వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలు.

యూనివర్సిటీలో చదువుకుంటూ నలుగురైదుగురు కలిసి వెళ్లేవాళ్ల సంగతి వేరు. కాళ్లలో బలం ఉంటుంది, చేతిలో డబ్బు తక్కువ, కారు ఉండదు. వాళ్లకు రైలు స్టేషన్ ఉన్న ఊరు ఒక్కటే షరతు.

3. మ్యాపు మీద ఒక వలయం గీయండి

మీ ఇల్లు మధ్యలో పెట్టుకుని మూడు గంటల దూరానికి వలయం గీస్తే ఏమేం పడతాయో చూడండి. ఇంగ్లండ్‌లో 10 నేషనల్ పార్కులు ఉన్నాయి. పీక్ డిస్ట్రిక్ట్ మొదటిది, 1951లో ఏర్పడింది. సౌత్ డౌన్స్ అన్నింటికంటే కొత్తది, 2010లో. ఇవి కాక 'నేషనల్ ల్యాండ్‌స్కేప్స్' అనే రక్షిత ప్రాంతాలు మరో ముప్ఫైకి పైగా ఉన్నాయి. వీటినే 2023 వరకు ఎ.ఒ.ఎన్.బి. (ఏరియా ఆఫ్ అవుట్‌స్టాండింగ్ నేచురల్ బ్యూటీ) అనేవారు. కాట్స్‌వోల్డ్స్, చిల్టర్న్స్, ష్రాప్‌షైర్ హిల్స్ ఈ కోవలోవే. నేషనల్ పార్క్ అన్న పేరు లేనంత మాత్రాన అందం తగ్గదు, జనం మాత్రం తగ్గుతారు.

లండన్, రెడింగ్, స్లవ్ వైపు ఉండేవాళ్లకు: న్యూ ఫారెస్ట్, సౌత్ డౌన్స్, కాట్స్‌వోల్డ్స్, నార్ఫోక్ బ్రాడ్స్. బర్మింగ్‌హామ్, కోవెంట్రీ వాళ్లకు: ష్రాప్‌షైర్ హిల్స్, పీక్ డిస్ట్రిక్ట్, కాట్స్‌వోల్డ్స్. మాంచెస్టర్, లీడ్స్, షెఫీల్డ్ వాళ్లు అదృష్టవంతులు. పీక్ డిస్ట్రిక్ట్, యార్క్‌షైర్ డేల్స్, లేక్ డిస్ట్రిక్ట్ మూడూ వాళ్ల వలయంలోనే ఉంటాయి. న్యూకాసిల్ వాళ్లకు నార్తంబర్‌ల్యాండ్ పెరట్లో ఉన్నట్టే.

కారు అద్దెకు తీసుకునేవాళ్లకు చిన్న జాగ్రత్త. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ నివాసం మొదలైనప్పటి నుంచి 12 నెలల వరకే నడపొచ్చు. ఆ లోపు ఉన్నా, పల్లె రోడ్లు హైవేల్లా ఉండవని గుర్తుంచుకోండి. రెండు వైపులా ఎత్తైన పొదలు, ఒక్క కారు పట్టే వెడల్పు, ఎదురుగా ట్రాక్టర్. ఒకరు వెనక్కి వెళ్లి చోటివ్వాలి. రివర్స్‌లో ధైర్యం లేకపోతే మొదటి ట్రిప్‌కి రైలే మేలు.

రైలుకి వెళ్తే అడ్వాన్స్ టికెట్లు మామూలుగా 12 వారాల ముందు నుంచి అమ్ముతారు. రైల్‌కార్డ్ ఉంటే మూడో వంతు తగ్గుతుంది. భార్యాభర్తలకు టూ టుగెదర్, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్. ఈ రెండోదానిలో పిల్లల టికెట్ మీద 60 శాతం తగ్గుతుంది. అయితే బ్యాంక్ హాలిడే వారాంతాల్లోనే పట్టాల పనులు పెద్ద ఎత్తున పెట్టుకుంటారు. టికెట్ కొనేముందు మీ దారిలో రైలు నడుస్తుందా, మధ్యలో బస్సు ఎక్కిస్తారా అన్నది చూసుకోండి. ఒకసారి నేను చూడకుండా కొని, పిల్లల్నీ సూట్‌కేసుల్నీ వేసుకుని గంటన్నర ఆ బస్సులో కూర్చోవాల్సి వచ్చింది.

4. ఆ నెలలో ఎక్కడ ఏం బాగుంటుంది?

వాన గురించి ముందు తెలుసుకోవాలి. లండన్‌లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే మన హైదరాబాద్ కంటే తక్కువే. లేక్ డిస్ట్రిక్ట్‌లోని సీత్‌వెయిట్ అనే ఊళ్లో సుమారు 3,500 మిల్లీమీటర్లు. కారణం మనకు తెలిసిందే: పడమటి కనుమలు మేఘాలను అడ్డుకుంటే కొంకణంలో కుండపోత, ఇవతల తెలంగాణలో పొడి. ఇక్కడా అట్లాంటిక్ మీద నుంచి వచ్చే గాలి పడమటి కొండలకు తగిలి అక్కడే కురుస్తుంది. తూర్పుకి వచ్చేసరికి నీళ్లు అయిపోతాయి. కాబట్టి వానంటే చిరాకు పడేవాళ్లు మీ గుంపులో ఉంటే తూర్పు, ఆగ్నేయం చూడండి: నార్ఫోక్, సఫోక్, సౌత్ డౌన్స్. పడమరకు వెళ్తే మంచి రెయిన్‌కోటుతో వెళ్లండి. గొడుగు ఆ గాలికి నిలవదు.

ఈస్టర్ నాటికి పొలాల నిండా గొర్రెపిల్లలు. ఏప్రిల్ చివరి నుంచి మే మధ్య వరకు అడవుల్లో నేలంతా నీలం పూలు, బ్లూబెల్స్. వాటికోసం దూరం వెళ్లక్కర్లేదు, లండన్ పక్కన చిల్టర్న్స్‌లోని ఆష్‌రిడ్జ్ చాలు. దారి దిగి పూల మీద నడవకండి, తొక్కిన మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆగస్టు బ్యాంక్ హాలిడేకి నార్త్ యార్క్ మూర్స్‌లో హెదర్ పూసి కొండలన్నీ ఊదారంగులో ఉంటాయి. ఇండియా నుంచి వేసవిలో వచ్చే పెద్దవాళ్లకు ఆ పూలు చూపించాలనుకుంటే ఆగస్టు మధ్య నుంచి చివరి వరకు సరైన సమయం. పికరింగ్ నుంచి విట్బీ వైపు వెళ్లే పొగబండి ఆ కొండల మధ్య నుంచే పోతుంది.

పగలు ఎంతసేపు ఉంటుందో కూడా చూసుకోండి. మే చివర్లో రాత్రి తొమ్మిది వరకు వెలుతురు. ఆగస్టు చివర్లో ఎనిమిది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక అయిదింటి లోపే చీకటి. పొద్దున పదింటికి లేచే అలవాటున్న గుంపు అక్టోబరులో వెళ్తే చూసేది సగమే.

5. ప్రాంతం తేలాక, ఒక్క ఊరు ఎంచుకోండి

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. "లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తున్నాం" అనేది నిర్ణయం కాదు, అది 2,300 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల. "కెసిక్‌లో ఉంటున్నాం" అన్నది నిర్ణయం. మూడు రోజులూ ఒకే ఊళ్లో దిగండి, వీలైతే రెండో రోజు కారు తాళం బయటికి తీయకండి. నడిచి వెళ్లగలిగే దూరంలో నాలుగు పనులు ఉన్న ఊరైతేనే ఎంచుకోండి: నీళ్లో కొండో ఒకటి, చదునైన దారి ఒకటి, తినడానికి రెండు మూడు చోట్లు, వానపడితే దూరడానికి ఒక చోటు.

కెసిక్‌కి ఈ నాలుగూ ఉన్నాయి. ఊరి మధ్య నుంచి డెర్వెంట్‌వాటర్ సరస్సు పది నిమిషాల నడక. అక్కడి నుంచి ఫ్రైయర్స్ క్రాగ్ దాకా చదునైన దారి, చివర్లో బెంచీలు. సరస్సు చుట్టూ తిరిగే లాంచీ అక్కడక్కడా ఆగుతుంది. నడవగలిగినవాళ్లు ఒక రేవులో దిగి తర్వాతి రేవు దాకా నడిచి మళ్లీ ఎక్కొచ్చు, పెద్దవాళ్లు లాంచీలోనే చుట్టి రావొచ్చు. వానపడితే పెన్సిల్ మ్యూజియం ఉంది, థియేటర్ ఉంది. రెండోసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇక్కడే దిగాం. నాన్న రోజూ పొద్దున ఒక్కరే ఆ సరస్సు ఒడ్డుకి వెళ్లి కూర్చునేవారు, ఇంటి దగ్గర గోదావరి గట్టుకి వెళ్లినట్టే. మూడు రోజుల్లో మేం చూసింది ఒక సరస్సు, ఒక పురాతన రాళ్ల వలయం. కారులోనే ఉంటానని అమ్మ ఒక్కసారీ అనలేదు. కెసిక్‌కి రైలు లేదు, పెన్రిత్‌లో దిగి బస్సెక్కాలి. రైలు ఊరి దాకా రావాలంటే విండర్‌మియర్. లండన్ యూస్టన్ నుంచి ఆక్సెన్‌హోమ్‌కి మూడు గంటల లోపే, అక్కడ మారాలి. విండర్‌మియర్, బోనెస్ మాత్రం సెలవుల్లో తిరునాళ్లలా ఉంటాయి. అక్కడ దిగి 555 బస్సులో ఆంబుల్‌సైడ్‌కో గ్రాస్‌మియర్‌కో వెళ్లి ఉండటం నయం.

పీక్ డిస్ట్రిక్ట్‌లో కారు లేనివాళ్లకు ఈడేల్. మాంచెస్టర్ నుంచి ముప్పావు గంట, షెఫీల్డ్ నుంచి అరగంట పైన. రైలు దిగితే కొండ మొదలవుతుంది. 517 మీటర్ల మామ్ టార్ ఎక్కి అవతలి వైపు కాసిల్‌టన్‌లో దిగొచ్చు, అక్కడ గుహలు ఉన్నాయి, స్పీడ్‌వెల్ గుహలో నేల కింద పడవ మీద తీసుకెళ్తారు. ఈడేల్ ఎదురుగా కనిపించే కిండర్ స్కౌట్ మీదికి 1932 ఏప్రిల్ 24న వందలమంది కార్మికులు, యువకులు భూస్వాముల నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. వాళ్లలో కొందరు జైలుకి వెళ్లారు. ఈ రోజు మనం ఆ కొండల మీద ఎవరినీ అడగకుండా తిరుగుతున్నామంటే వాళ్ల పుణ్యం అందులో ఉంది. అందుకే ఆ కొండకి వెళ్లే ముందు పిల్లలకు ఈ కథ చెప్పమంటాను. కుటుంబాలతో అయితే ఈడేల్ చిన్నదైపోతుంది, బేక్‌వెల్‌లో దిగండి. మాన్సల్ ట్రైల్ ఆ ఊరి పక్క నుంచే పోతుంది.

కాట్స్‌వోల్డ్స్‌కి లండన్ ప్యాడింగ్టన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్‌కి నేరుగా రైలుంది, గంటన్నర దాటి కాస్త. తేనెరంగు రాళ్ల ఇళ్లు ఫోటోల్లో చూసిందానికి తక్కువేం కాదు. కానీ బోర్టన్-ఆన్-ది-వాటర్, బైబరీ పగటిపూట టూరిస్టు బస్సులతో నిండిపోతాయి. అక్కడికి పొద్దున తొమ్మిది లోపో సాయంత్రం అయిదు తర్వాతో వెళ్లండి. బైబరీలోని ఆర్లింగ్టన్ రో ఇళ్లలో ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు. గుమ్మాల్లో కూర్చుని ఫోటోలు దిగడం, కిటికీల్లోంచి చూడటం వద్దు. మన వాకిట్లో ఎవరైనా అలా చేస్తే మనకెలా ఉంటుంది?

న్యూ ఫారెస్ట్‌కి బ్రాకెన్‌హర్స్ట్ స్టేషన్, వాటర్లూ నుంచి గంటన్నర. మొదటి విలియం రాజు 1079లో వేట కోసం ఏర్పరచిన అడవి. గుర్రాలు, ఆవులు రోడ్ల మీద, ఊరి మధ్యలో తిరుగుతుంటాయి. చూడటానికి అడవి గుర్రాలే అనిపిస్తాయి గానీ ఒక్కోదానికీ యజమాని ఉన్నాడు. వాటికి తిండి పెట్టకూడదు, నిషేధం. దారులు చదును, సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. లండన్ వైపు ఉండి చిన్నపిల్లలతో మొదటిసారి పల్లెకు వెళ్లేవాళ్లకు కాట్స్‌వోల్డ్స్ కంటే ఇదే ముందు చెప్తాను.

ఎవరూ చెప్పని ఊరు ఒకటి చెప్పనా? ష్రాప్‌షైర్‌లోని చర్చ్ స్ట్రెట్టన్. రైలు స్టేషన్ నుంచి నడిచి వెళ్తే కార్డింగ్ మిల్ లోయ, పిల్లలు ఆడుకునే వాగు, పైన లాంగ్ మిండ్ అనే విశాలమైన కొండ. బ్యాంక్ హాలిడేనాడు కూడా లేక్ డిస్ట్రిక్ట్‌లో పదో వంతు రద్దీ ఉన్నట్టు నాకు అనిపించలేదు. పైగా బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో వేంకటేశ్వర స్వామి గుడి ఉంది కదా, దక్షిణం నుంచి కారులో వచ్చేవాళ్లకు అది దారిలోనే. పొద్దున దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, అక్కడి నుంచి గంటకు కాస్త పైన ప్రయాణంతో కొండల్లోకి వచ్చేయొచ్చు. మా అత్తయ్యగారికి ఇంగ్లండ్‌లో నచ్చిన ట్రిప్ ఇదొక్కటే అనుకుంటాను.

నీళ్లంటే ఇష్టపడేవాళ్లకు నార్ఫోక్ బ్రాడ్స్. మధ్యయుగంలో పొయ్యిలో కాల్చే పీట్ మట్టి కోసం తవ్విన గోతుల్లోకి నీళ్లు చేరి చెరువులైనవి ఇవి. నేల బల్లపరుపు, కాలువలు, రెల్లు, పడవలు. కోనసీమ వాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది, కొబ్బరిచెట్లు ఒక్కటే తక్కువ. రాక్సమ్‌లో గంటలెక్కన పడవ అద్దెకిస్తారు, లైసెన్స్ అక్కర్లేదు, ఎలా నడపాలో వాళ్లే చూపిస్తారు.

యార్క్‌షైర్ డేల్స్‌లో మాలమ్ ఒక్కటి చాలు. ఊరి నుంచి మైలు దూరం నడిస్తే 80 మీటర్ల నిలువు సున్నపురాయి గోడ, మాలమ్ కోవ్. కింద దాకా దారి తేలిక, పైకి నాలుగు వందల మెట్లు. నార్తంబర్‌ల్యాండ్‌లో హేడ్రియన్ గోడ, క్రీ.శ. 122లో మొదలుపెట్టిన 73 మైళ్ల రోమన్ గోడ. దక్షిణాన ఉండేవాళ్లు దీన్ని ఈస్టర్‌కి పెట్టుకోవాలి. అక్కడికి వెళ్లి హోలీ ఐలాండ్ అనే దీవి కూడా చూడాలనుకుంటే పోటు వేళలు చూడకుండా బయల్దేరొద్దు. రోజుకి రెండుసార్లు సముద్రం ఆ దీవికి వెళ్లే రోడ్డును కప్పేస్తుంది, తొందరపడి దిగిన కార్లు నీళ్లలో ఇరుక్కుంటాయి.

6. బస

కుటుంబంతో అయితే వంటగది ఉన్న కాటేజీ. వేసవిలో చాలామంది శనివారం నుంచి శనివారం వరకు వారానికే ఇస్తారు, కాబట్టి 'షార్ట్ బ్రేక్' అని పెట్టి వెతకండి. శుక్రవారం నుంచి సోమవారం వరకు మూడు రాత్రులకు దొరికేవి ఆ జాబితాలో ఉంటాయి. మే సెలవుకి ఫిబ్రవరిలోనే చూడటం మంచిది. బుక్ చేసేముందు మ్యాపులో ఇంటి గుర్తు ఎక్కడుందో చూసి, ఊరి మధ్యకు నడక ఎంతో, ఆ దారికి ఫుట్‌పాత్ ఉందో లేదో చూడండి. పల్లె రోడ్లకు చాలాచోట్ల ఉండదు. "ఊరికి మైలు దూరం" అన్న ఇల్లు కాగితం మీద దగ్గరే, చీకట్లో పిల్లలతో నడవాలంటే దూరం.

విద్యార్థులకు వై.హెచ్.ఎ. (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టళ్లు. 1930 నుంచి ఉన్న సంస్థ, కొండల్లో మంచి చోట్ల ఇళ్లున్నాయి. చాలావాటిలో మనం వండుకునే వంటగది ఉంటుంది. నలుగురైదుగురు కలిస్తే ఒక గది మొత్తం తీసుకోవచ్చు.

7. తిండి సంగతి ముందే తేల్చుకోండి

పల్లె పబ్బులో వంటగది మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర. ఈ వేళలు కాస్త అటూ ఇటూగా అన్నిచోట్లా ఇంతే. ఆదివారం రాత్రి చాలాచోట్ల వండరు. మన అలవాటు ప్రకారం తొమ్మిదింటికి వెళ్తే బీరు తప్ప ఏమీ దొరకదు. బ్యాంక్ హాలిడేకి టేబుల్ ముందే బుక్ చేసుకోవాలి. పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం ఆరు గంటల సేపే తెరిచి ఉంచుతారు, ఈస్టర్ ఆదివారం అసలు తెరవరు.

శాకాహారులు, గొడ్డుమాంసం తిననివాళ్లు ఒక విషయం తప్పక అడగాలి. చాలా ఫిష్ అండ్ చిప్స్ దుకాణాల్లో, ముఖ్యంగా యార్క్‌షైర్ వైపు, వేయించేది ఆవు కొవ్వులో. బంగాళాదుంప చిప్సే కదా అని కొనుక్కుంటే అదీ అందులో వేగిందే. "వెజిటబుల్ ఆయిల్‌లో వేయిస్తారా?" అని అడిగితే ఏమీ అనుకోరు, ఉన్నది చెప్తారు.

మేమైతే చిన్న రైస్ కుక్కర్, పప్పు, ఆవకాయ, కందిపొడి, నెయ్యి సర్దుకుంటాం. మొదటి రోజుకి పులిహోర ఇంటి దగ్గరే కలిపేస్తాం, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా టెన్షన్ ఉండదు. కాటేజీలో పోపు పెట్టేటప్పుడు కిటికీ తీసి, పొయ్యి మీది ఫ్యాన్ వేసుకోండి, లేకపోతే స్మోక్ అలారం మోగుతుంది. వెళ్లేముందు పసుపు మరకలు తుడిచేయండి. మన తర్వాత వచ్చే తెలుగువాళ్లకు కూడా ఆ ఇల్లు సంతోషంగా ఇవ్వాలి కదా.

8. బయల్దేరే ముందు రోజు

గురువారం రాత్రి మూడు పనులు. మెట్ ఆఫీస్ వాతావరణ సూచన చూసి, శని, ఆదివారాల్లో ఏది పొడిగా ఉంటే ఆ రోజుకి కొండను, రెండోదానికి గుహనో మ్యూజియాన్నో పెట్టుకోండి. లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. నడక పట్ల ఆసక్తి ఉంటే ఆర్డ్‌నెన్స్ సర్వే వారి నారింజరంగు ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనండి. 1:25,000 కొలతలో ప్రతి గోడా కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగులో తెగి తెగి ఉండే గీతలు నడిచే హక్కున్న దారులు. దారిలో పసుపు బాణం ఉంటే అది ఫుట్‌పాత్, ఎవరి పొలంలోంచి పోయినా మీరు నడవొచ్చు.

బస్సు మీద ఆధారపడేవాళ్లు ఆదివారం టైంటేబుల్ విడిగా చూడాలి. బ్యాంక్ హాలిడే సోమవారం కూడా చాలాచోట్ల ఆదివారం వేళలే నడుస్తాయి, చివరి బస్సు సాయంత్రం అయిదున్నరకే వెళ్లిపోవచ్చు. చాలా బస్సుల్లో ఒకవైపు టికెట్ ఎంత దూరమైనా 3 పౌండ్లు దాటకుండా 2025 నుంచి హద్దు ఉంది, చవకే.

పొలం దారుల్లో తెరిచిన గేటు మళ్లీ వేయండి. దూడలున్న ఆవుల మధ్య నుంచి వెళ్లకుండా పక్కగా చుట్టి వెళ్లండి. సౌత్ డౌన్స్‌లో సెవెన్ సిస్టర్స్ వైపు వెళ్తే సుద్ద కొండల అంచుకి పిల్లల్ని పోనివ్వకండి, ఆ అంచులు చెప్పకుండా విరిగిపడతాయి. సాయంత్రం బసకి వచ్చాక కాళ్లు, మోకాళ్ల వెనక, పిల్లల మెడ మీద పిడుదులు ఉన్నాయేమో చూడండి, ముఖ్యంగా న్యూ ఫారెస్ట్‌లాంటి చోట్ల. ఉంటే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా పైకి లాగాలి, ఆ తర్వాత కొన్ని వారాల్లో అక్కడ ఎర్రగా గుండ్రంగా వ్యాపిస్తే డాక్టర్‌కి చూపించాలి.

సోమవారం మధ్యాహ్నం రెండింటికల్లా బయల్దేరండి, లేదా అక్కడే తిని రాత్రి ఏడు తర్వాత బయల్దేరండి. మధ్యలో బయల్దేరితే దేశమంతా మీతోనే రోడ్డు మీద ఉంటుంది.